అడవి అంచు గొడ్లకే ముందు చిప్ వేయాలి



గాలికుంటు టీకాలు మొదలైనప్పుడల్లా పత్రికల్లో ఒకే తీరు ఫొటో పడుతుంది. ఆవు చెవికి పసుపు బిళ్ళ, పక్కన అధికారులు. ఆ బిళ్ళ తర్వాత ఏమైందన్న వార్త మాత్రం రాదు. చర్ల, దుమ్ముగూడెం మండలాల్లో ఊళ్ళు తిరిగి పశువులకు సేవలందించే గోపాలమిత్రగా పనిచేసినవాణ్ణి కాబట్టి ఆ సంగతి నేను చెబుతాను. పొద్దున అడవికి తోలిన గొడ్డు పరికి కంపల్లో, రేగు పొదల్లో దూరి మేస్తుంది. బిళ్ళ ముల్లుకు చిక్కి ఊడుతుంది, ఊడేటప్పుడు చెవిని చీలుస్తుంది. వానాకాలంలో ఆ పుండు మీద ఈగ వాలిందంటే పురుగులు పడతాయి. ఒకసారి ఈ బాధ పడ్డ రైతు రెండోసారి చెవి పట్టనివ్వడు. అతన్ని తప్పుపట్టలేం.

బిళ్ళ వద్దని నేననడం లేదు. చెవికి వేలాడే ప్లాస్టిక్ మీదే మొత్తం లెక్క నిలబెట్టవద్దంటున్నాను. రేడియో తరంగాలతో చదివే ఆర్‌ఎఫ్‌ఐడీ చిప్‌ను పశువు ఒంట్లోనే ఉంచాలి. అదీ ముందుగా అడవి అంచు మండలాల్లో మొదలుపెట్టాలి.

కేంద్రం 2019 సెప్టెంబరులో ప్రారంభించిన పశు వ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో గాలికుంటు, బ్రుసెల్లోసిస్ టీకాలతో పాటే ఈ బిళ్ళలూ ఊరూరా వచ్చాయి. బిళ్ళ మీది 12 అంకెల సంఖ్యే పశు ఆధార్. టీకా, చూడి కట్టించడం, వైద్యం, బీమా అన్నీ ఆ సంఖ్య మీదే నడుస్తాయి. అయితే అది పైన అచ్చువేసిన అంకె, బార్‌కోడ్ మాత్రమే. బిళ్ళ పోతే ఆ గొడ్డు ఎవరిదో, దానికి ఏ టీకా పడిందో పుస్తకంలో ఉంటుంది గానీ, ఎదురుగా ఉన్న గొడ్డు అదేనని తేల్చలేం. పాత నంబరు రాసిపెట్టుకున్న ఇల్లు అరుదు.

అసలు దెబ్బ బీమా దగ్గర తగులుతుంది. ట్యాగ్ లేకపోతే క్లెయిమ్ లేదన్నది పశు బీమాలో అందరికీ తెలిసిన నియమం. పులి వచ్చిపోయే గుండాల, కరకగూడెం వైపు లోపలెక్కడో ఆవు చచ్చిపడితే కళేబరం దొరకడమే గగనం, చెవికి బిళ్ళ ఉందా లేదా అన్నది తర్వాతి మాట. కంపెనీల అనుమానమూ పూర్తిగా వట్టిది కాదు. చచ్చిన గొడ్డుకు వేరే గొడ్డు బిళ్ళ తగిలించి డబ్బు తీసుకున్న సందర్భాలున్నాయి. అందుకే ఇఫ్కో టోకియో సంస్థ 2008 తర్వాత చెవి వెనక చర్మం కింద చిప్ ఎక్కించే పద్ధతిని కొన్నిచోట్ల పరీక్షించింది. చర్మం కింది చిప్‌ను ఒక పశువు నుంచి ఇంకో పశువుకు మార్చడం బిళ్ళ మార్చినంత సులువు కాదు. కళేబరం మీద రీడర్ తిప్పినా అది నంబరు చెబుతుంది.

ఇదేమీ నిన్నటి విద్య కాదు. 1970లలో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో శాస్త్రవేత్తలు బ్యాటరీ అక్కర్లేని రేడియో ట్యాగ్‌ను అక్కడి వ్యవసాయ శాఖ కోసం పశువుల మీదే ప్రయత్నించారు. రోడ్డు టోలుకు అది తర్వాత పాకింది. మన దగ్గర వరస తిరగబడింది. టోలుగేట్ల దగ్గర 2021 ఫిబ్రవరి నుంచి కారు అద్దానికి ఫాస్టాగ్ తప్పనిసరి, గొడ్డు చెవికి మాత్రం ఇంకా అచ్చు అంకె. ఐరోపాలో 2010 నుంచి గొర్రెలు, మేకలకు ఎలక్ట్రానిక్ గుర్తింపు తప్పనిసరి చేశారు. అక్కడ చిప్‌ను లోపల పెట్టి, నెమరు సంచిలో కూర్చునే పింగాణీ గుళికలు కూడా వాడతారు. వాటిని ఏ కంపా పీకలేదు.

ఒక భ్రమ పోవాలి. చిప్ వేస్తే గొడ్డు ఎక్కడుందో ఫోన్‌లో కనబడుతుందని చాలామంది అనుకుంటున్నారు. కనబడదు, ఇది జీపీఎస్ కాదు. రీడర్‌ను జానెడు, మహా అయితే మూరెడు దూరానికి తెస్తేనే చిప్ మేల్కొని నంబరు చెబుతుంది. పశువులకు వాడే 134.2 కిలోహెర్ట్జ్ తరంగం మాంసం, నీరు అడ్డున్నా పనిచేస్తుంది. నెట్‌వర్క్ లేకున్నా రీడర్ నంబరు చదివి దాచుకుంటుంది. చిప్‌లోని 15 అంకెలను పశు ఆధార్ 12 అంకెలకు ఒకసారి జతచేస్తే చాలు. ముక్కు ఫొటోతో పశువును గుర్తుపట్టే యాప్‌ల గురించీ వింటున్నాను. సిగ్నల్ లేని గూడెంలో, బెదిరిన కోడె ముందు ఫోన్ పట్టుకుని నిలబడ్డవాళ్ళు వాటి గురించి చెప్పాలి.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారని గుర్తుంచుకోవాలి. అలాంటి వరదలో పలుపు తెంచుకుపోయిన గొడ్లు నీళ్ళు తీశాక ఎవరివో తేల్చడానికి మచ్చలు, కొమ్ముల వంపులే ఆధారం. పైగా 2014లో కూనవరం, చింతూరు, వీఆర్ పురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి, ఆ పక్కనే ఛత్తీస్‌గఢ్ కుంట. గొడ్డుకు ఈ సరిహద్దులు తెలియవు. పశు ఆధార్ దేశమంతటికీ ఒకటే కనుక, చిప్ చదవగలిగితే బందెలదొడ్డిలోనే యజమాని ఎవరో తేలిపోతుంది.

కోయ గూడేల్లో ఉన్న భయం నాకు తెలుసు. రిజర్వు ఫారెస్టులో మేస్తున్న గొడ్డును స్కాన్ చేసి అటవీ సిబ్బంది జరిమానా రాస్తారేమోనని. ఆ భయం సహేతుకమే. 2006 అటవీ హక్కుల చట్టం మేపుకునే హక్కును సెక్షన్ 3(1)(డి)లో స్పష్టంగా గుర్తించింది. కాబట్టి రీడర్లు పశువైద్య కేంద్రం దగ్గర, గోపాలమిత్రల దగ్గర మాత్రమే ఉండాలి, ఆ సమాచారంతో మేతకు కేసులు పెట్టబోమని ప్రభుత్వం రాతపూర్వకంగా చెప్పాలి. ఆ హామీ ఇవ్వకుండా చిప్ తెస్తే గూడేలవాళ్ళు వేయనివ్వరు, వేయనివ్వకపోవడమే న్యాయం.

వచ్చే గాలికుంటు టీకాల విడతలో చర్లనో, గుండాలనో ఒక మండలాన్ని ఎంచుకుని దీన్ని మొదలుపెట్టాలని పశుసంవర్ధక శాఖను, భద్రాచలంలోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏను కోరుతున్నాను. అప్పటిదాకా బిళ్ళ ఊడిన గొడ్డుకు టీకా రికార్డు, పంచాయతీ ధ్రువీకరణ ఉంటే బీమా క్లెయిమ్ తోసిపుచ్చవద్దని కంపెనీలకు ఆదేశాలివ్వాలి.

— ఒక మాజీ గోపాలమిత్ర,
చర్ల మండలం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా