జెనీవాకు పంపే నివేదికలు – మా అపేక్షలు

ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్ పేరు తెలుగు ఇండ్లలో చాలామందికి పరిచితమే. దేశ విభజన అనంతరం శరణార్థుల కొరకు వెలసిన ఆ కాలనీ, కాలక్రమంలో సివిల్ సర్వీసుల పరీక్షకు చదివే యువతీయువకుల అద్దెగదుల పేటగా మారినది. 2024 జులై 27 సాయంత్రం అక్కడి ఒక కోచింగ్ సంస్థ నేలమాళిగలోకి వాననీరు ముంచెత్తి, గ్రంథాలయంలో ఉన్న ముగ్గురు విద్యార్థులు ప్రాణాలు కోల్పోయినారు. వారిలో ఒకరి కుటుంబం తెలంగాణలో నివసించేది. అనుమతి పత్రాలలో ఆ నేలమాళిగ వాహనాలు నిలుపుటకు, సామాను భద్రపరచుటకు ఉద్దేశింపబడినది. వాడుకలో మాత్రం అది గ్రంథాలయం. ఆ కాగితాలను చదివిన వారికి అక్కడ ప్రాణాపాయం ఉన్నదని తోచే అవకాశమే లేదు.

అదే నెల 15, 16 తేదీలలో జెనీవా నగరంలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ, పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక అమలుపై మన ప్రభుత్వం సమర్పించిన నివేదికను పరిశీలించినది. కమిటీ అభిప్రాయాలు జులై 25న వెలువడినవి. రెండు దినములకే ఈ దుర్ఘటన. ఢిల్లీలోని ఒక నేలమాళిగను జెనీవాలో కూర్చున్నవారు పసిగట్టి ఉండవలసినదని మేము అనడం లేదు. అయితే ముందుగా ఊహించదగిన అపాయాల నుండి, అవి ప్రైవేటు సంస్థల వలన కలిగేవైనప్పటికీ, పౌరుల ప్రాణాలను కాపాడుట ప్రభుత్వ బాధ్యత అని ఆ కమిటీయే 2018లో వివరించినది. కనుక ఒక దేశపు నివేదిక చెప్పవలసినది ఎన్ని చట్టాలు ఉన్నవో కాదు. ఎన్ని తనిఖీలు జరిగినవి, ఏమి బయటపడినది, బాధ్యులపై ఏ చర్య తీసుకొనబడినది అన్నది.

మన దేశం ఈ ఒడంబడికను, దానితోపాటు ఆర్థిక, సాంఘిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడికను 1979 ఏప్రిల్ 10న అంగీకరించినది. నిర్ణీత కాలవ్యవధిలో నివేదికలు పంపుట ఆ అంగీకారంలో భాగమే. ఆచరణ ఎట్లున్నది? పౌర, రాజకీయ హక్కులపై 1997లో పరిశీలన జరిగిన తరువాత, తదుపరి నివేదిక 2001 చివరికి చేరవలసి ఉండగా, మళ్ళీ పరిశీలన 2024లో గాని జరుగలేదు. ఇరవై ఏడు సంవత్సరాలు! ఈలోగా మన తంతి సేవ 2013లో మూతపడినది; రైల్వేల ప్రత్యేక బడ్జెటు 2017లో సాధారణ బడ్జెటులో కలిసిపోయినది. రెండవ ఒడంబడికపై 2008లో పరిశీలన జరిగినది. 2011లో ఇవ్వవలసిన తదుపరి నివేదిక గడువుకు అందలేదు.

జాప్యం ఒక లోపమైతే, లెక్కలో చేరని మనుష్యులు అంతకంటె పెద్ద లోపం. దీనికి ఉదాహరణ మన రైలు పట్టాల మీదనే ఉన్నది. కోలారు బంగారు గనుల పట్టణంలో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఎస్. ఆర్. శంకరన్ వంటివారి తోడ్పాటుతో నడిపిన సఫాయి కర్మచారీ ఆందోళన్, 2003లో సుప్రీంకోర్టుకు వెళ్ళినది. చేతులతో మలం ఎత్తే పని తమ పరిధిలో లేనే లేదని పలు రాష్ట్రాలు ప్రమాణ పత్రాలు దాఖలు చేసినవి. ఉద్యమకారులు ఊరూరా తిరిగి ఛాయాచిత్రాలు, వివరాలు సేకరించి ఆ మాటను ఖండించవలసి వచ్చినది. 2013 నాటి చట్టం తన నిర్వచనంలో రైలు పట్టాలను స్పష్టంగా పేర్కొన్నది. 2014 మార్చి 27 తీర్పులో న్యాయస్థానం, పట్టాలపై ఈ పనిని అంతం చేయుటకు కాలపరిమితితో కూడిన పథకం రూపొందించవలసినదిగా రైల్వేలను ఆదేశించినది.

బోగీలకు బయో టాయిలెట్లు అమర్చుట మంచి మార్పే; దానిని మేము కాదనము. అయినప్పటికీ లెక్క తప్పే మార్గాలు రెండు మిగిలినవి. ప్రభుత్వం నోటిఫై చేసిన పరికరాలు, రక్షణ సామగ్రితో పనిచేసే వ్యక్తిని ఆ నిర్వచనం కింద పరిగణించరాదని అదే చట్టంలో వివరణ ఉన్నది. కాంట్రాక్టరు కింద పనిచేసే వ్యక్తి పేరు రైల్వే హాజరు పట్టీలోనే ఉండదు. అట్టి స్థితిలో “మీ సిబ్బందిలో ఎందరు?” అని అడిగితే “ఎవరూ లేరు” అన్న జవాబు అబద్ధం కాకుండానే నిజాన్ని దాచగలదు. ఆ జవాబే ఫైలులో ఎక్కి, ఫైలు నుండి నివేదికలోనికి ప్రవేశిస్తుంది.

తపాలా రంగం చూడండి. రెండున్నర లక్షలకు పైబడిన గ్రామీణ డాక్ సేవకుల హోదా ఏమిటి? వారిది సివిల్ పోస్టేనని సుప్రీంకోర్టు 1977లోనే చెప్పినది. కాని రెగ్యులర్ ఉద్యోగులకు వర్తించే సౌకర్యాల వద్దకు వచ్చేసరికి వారు శాఖకు వెలుపలివారు! సామాజిక భద్రతపై నివేదిక వ్రాసే అధికారి వారిని ఏ వరుసలో చూపుతున్నాడో తెలియజేయవలెనని కోరుట అత్యాశ కాదు.

సంఘ హక్కుల విషయమూ ఇంతే. సంఘాలు స్థాపించుకొనుటకు, సమ్మె చేయుటకు సంబంధించిన నిబంధనను రాజ్యాంగం 19వ అధికరణకు అనుగుణంగానే అమలు జరుపుతామని ప్రభుత్వం 1979లో ప్రకటన జోడించినది. ప్రభుత్వోద్యోగులకు సమ్మె హక్కు లేదని 2003లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 87, 98 ఒప్పందాలను మన దేశం ఆమోదించలేదు. 2023 ఏప్రిల్‌లో తపాలా శాఖ రెండు సంఘాల గుర్తింపును రద్దు చేసినది. ఆ చర్యలోని మంచిచెడ్డలపై ప్రభుత్వానికి తన వాదన ఉండవచ్చు. ఆ వాదనను సంఘాల వాదనతో పాటు నివేదికలోనే వ్రాయమని మేము అడుగుతున్నాము.

ఇది కొత్త కోరిక కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థకు పంపే నివేదికల ప్రతులను ప్రాతినిధ్య కార్మిక సంఘాలకు కూడా అందజేయవలెనని ఆ సంస్థ రాజ్యాంగం 23వ అధికరణ నిర్దేశిస్తున్నది. త్రైపాక్షిక సంప్రదింపుల ఒప్పందాన్ని మన దేశం 1978లోనే ఆమోదించినది. కార్మిక నివేదికకు ఉన్న ఈ మర్యాద మానవ హక్కుల నివేదికకు ఎందుకు ఉండకూడదు? ముసాయిదాను పంపుటకు ముందు ప్రకటించవలెను. సంఘాలకు జవాబిచ్చే వ్యవధి ఇవ్వవలెను. కమిటీ సిఫారసులను తెలుగుతో సహా దేశభాషలలో అచ్చువేసి, ఏది అమలైనదో, ఏది కాలేదో పార్లమెంటుకు తెలుపవలెను.

మనవైపు కర్తవ్యం కూడా ఉన్నది. స్టేషన్లలో, యార్డులలో శుభ్రత పనిచేసే కాంట్రాక్టు కార్మికుల సంఖ్య, వారికి అందిన చేతితొడుగులు, బూట్లు, జరిగిన ప్రమాదాలు. అట్లే గ్రామీణ డాక్ సేవకుల వాస్తవ పనిగంటలు – ఈ వివరాలను శాఖా కార్యదర్శులు సేకరించి కేంద్ర కార్యాలయానికి పంపవలసినదిగా కోరుతున్నాము. కార్మికుల పేర్లు వ్రాయవద్దు. వారి ఉపాధికి ముప్పు రాగలదు. తేదీ, స్థలం, చూసినవారి సంతకం ఉండిన చాలును.