తగ్గించడానికే పెంచిన ధర

ఆషాఢం వచ్చిందంటే చాలు, అమలాపురంలో బట్టల కొట్ల మీద బ్యానర్లే బ్యానర్లు. సగానికి సగం తగ్గింపుట! పెళ్ళిళ్ళు లేని నెల, బేరాలు తక్కువ, మిగిలిపోయిన సరుకు వదిలించుకోవాలి. అందుకు నిజంగా తగ్గించి అమ్మితే నాకే పేచీ లేదు. నా గొడవంతా తగ్గించడం కోసమే ముందుగా పెంచిపెట్టిన ధరతోటి.

లెక్క చాలా చిన్నదండీ. కొట్టాయన చీర 400కి కొన్నాడనుకుందాం. ఖర్చులూ లాభమూ కలిపి 600 రావాలి. మామూలుగా అయితే చీటీ మీద 600 అనే రాస్తాడు. కానీ సగం ధర బోర్డు పెట్టాలని ముందే అనుకున్నాడు కాబట్టి ఆ 600ని రెట్టింపు చేసి 1200 రాస్తాడు. అంతే! 1200కి ఆ చీరని ఎవరికీ ఏనాడూ అమ్మలేదు, అమ్మే ఉద్దేశమూ లేదు. జవాబు ముందే రాసుకుని, దానికి సరిపడా ఇన్‌పుట్ తయారుచేసుకోవడం అన్నమాట. మా ఆఫీసులో ఎవడైనా ఇలా కోడ్ రాస్తే ఊరుకోరు.

ఇక "50 + 20" అని ఇంకో తమాషా. 70 శాతం అనుకుని లోపలికెళ్ళేవాళ్ళ కోసం అది. వెయ్యిలో సగం పోతే 500, అందులో 20 శాతం పోతే 400. తగ్గింది 60 శాతమే మహాప్రభో.

ఎమ్మార్పీ ఉంది కదా అంటారా? ప్యాకెట్ మీద అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ ధర వేయాలన్న నిబంధన 1990లో వచ్చింది. ఇప్పుడది 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం, 2011 నిబంధనల కింద నడుస్తోంది. అంతకంటే ఎక్కువకి అమ్మితే నేరం. బాగానే ఉంది. కానీ ఆ అంకె ఎంతుండాలో చెప్పేవాడు లేడు, కొన్ని మందుల్లాంటి కొద్ది సరుకులకి తప్ప. ఎంత వేసుకోవాలో కంపెనీ ఇష్టం. అసలు విడిగా అమ్మే చీరలకి ఆ అచ్చు కూడా ఉండదు, కొట్టాయన కట్టిన చీటీయే ధర.

"అయితే ఏంటి, చివరికి 600 చీర 600కే వచ్చింది కదా, నష్టమేముంది?" అని మా మిత్రుడొకడు వాదించాడు. నష్టం కొన్నవాడికంటే పక్క కొట్టువాడికి ఎక్కువ. బండారులంకలో నేసినాయన 600 చీరకి 600 అనే చెప్తాడు. మనం "ఎంత తగ్గిస్తావ్?" అంటాం. "ఇందులో తగ్గించడానికి ఏటుందండీ" అంటాడాయన. మొహం ముడుచుకుని వచ్చేసి, షోరూములో 1200 కొట్టేసి 600 రాసింది కొనుక్కుని, 600 మిగిలిందని సంబరపడిపోతాం. ఆయన కూడా అబద్ధం నేర్చుకోవాలి, లేదా మగ్గం కట్టిపెట్టాలి. అన్నట్టు, మన కొబ్బరి రైతు అంబాజీపేట మార్కెట్టుకి వెళ్తే వెయ్యి కాయలకి ఆ రోజు వ్యాపారులు చెప్పిందే రేటు. తన కాయ మీద తానే గరిష్ఠ ధర చీటీ అంటించుకునే భోగం ఆయనకి లేదు. ఆ డబ్బే పట్టుకొచ్చి ఆషాఢం సేల్లో పెడతాడు!

జనానికి డిస్కౌంటే కావాలి, కొట్లవాళ్ళనని ఏం లాభం అనేది ఇంకో వాదన. నిజమే. అమెరికాలో జేసీ పెన్నీ వాళ్ళు 2012లో కూపన్లూ సేళ్ళూ చాలావరకు ఎత్తేసి, ఉన్న ధర ఇదీ అని చెప్పారు. ఆ ఏడాది అమ్మకాలు దాదాపు నాలుగో వంతు పడిపోయాయి. 2013 ఏప్రిల్లో సీఈవోని సాగనంపారు. అంటే ఒక్క కొట్టు నిజాయితీగా ఉంటే మునిగేది ఆ ఒక్క కొట్టే. అందుకే రూలు అందరికీ ఉండాలంటున్నా. ఐరోపా సమాఖ్య 2019లో చేసిన చట్టం 2022 మే నుంచి అమల్లోకి వచ్చింది. తగ్గింపు బోర్డు పెట్టాలంటే, అంతకు ముందు కనీసం 30 రోజుల్లో ఆ కొట్టు అమ్మిన అతి తక్కువ ధర ఎంతో కూడా చూపించాలి. తగ్గింపు అక్కడి నుంచే లెక్క.

మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనలు కూడదంటుంది గానీ, ఇలాంటి 30 రోజుల లెక్క అడగదు. మరి రుజువు చెయ్యాలంటే పోయిన నెల ధర కొనేవాడికి ఎలా తెలుస్తుంది? కొట్టాయనకి మాత్రం తెలుసు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడే కొట్టయితే ప్రతి బిల్లూ తేదీతో సహా అందులోనే పడుంటుంది. ఏ సరుకు పోయిన నెలలో ఎంతకి అమ్మారో తీసి చీటీ మీద అచ్చేయడం మాలాంటివాళ్ళకి ఒక్క పూట పని. అడిగితే డబ్బులు తీసుకోకుండా రాసిస్తా. ఇంతవరకు ఒక్క కొట్టువాడూ అడగలేదు!