లాటరీలో పోయిన నేల

పోయిన వారం అట్లాంటా దగ్గర ఫోర్సైత్ కౌంటీ కమ్మింగ్‌లో మా తోడల్లుడి కొడుకు గృహప్రవేశం. మేం ఇక్కడ టీవీ ముందు కూర్చుని చూశాం. పురోహితుడు సంకల్పం చక్కగా చెప్పాడు. జంబూద్వీపం బదులు క్రౌంచద్వీపం, భరతవర్షం బదులు రమణకవర్షం, భరతఖండం బదులు ఐంద్రఖండం. అమెరికాలో మన పురోహితులు చాలామంది ఇప్పుడు ఇలాగే చెబుతున్నారు. నిలబడ్డ చోటేదో చెప్పుకోకుండా పూజ మొదలుపెట్టకూడదన్న ఆ నియమం నాకు చాలా ఇష్టం. ఆ తర్వాత భోజనాల దగ్గర అక్కడి పెద్దాయన ఒకాయన మైకు పుచ్చుకుని, "పాతికేళ్ల కిందట ఇదంతా ఉత్త అడవి. ఎవరూ లేని నేల. మనవాళ్లు వచ్చాకే ఊరయింది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మాట ఇప్పటికీ పంటికింద రాయిలా ఉంది నాకు.

ఎవరూ లేని నేలా? ఆ కౌంటీ పేరే సాక్ష్యం. జాన్ ఫోర్సైత్ జార్జియాకు గవర్నరుగా చేశాడు. 1830లో సెనేట్‌లో నిలబడి, ఆదివాసులను మిసిసిపీ నది అవతలికి పంపే చట్టం కోసం వాదించాడు. తర్వాత అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ ప్రభుత్వంలో విదేశాంగ మంత్రి అయ్యాడు. 1832లో అక్కడి ఆదివాసులైన చెరోకీల నేలను కౌంటీలుగా కోసినప్పుడు ఒక ముక్కకు ఆయన పేరు పెట్టారు. దాని పడమటి సరిహద్దులో ఉన్నది చెరోకీ కౌంటీ. వెళ్లగొట్టినవాడి పేరు, వెళ్లిపోయినవాళ్ల పేరు పక్కపక్కనే రోడ్డు బోర్డుల మీద ఉన్నాయి. మనవాళ్లు రోజూ ఆ బోర్డుల కిందుగానే ఆఫీసులకు వెళ్తున్నారు.

ఆ 1832లోనే జార్జియా ప్రభుత్వం ఆ నేలను లాటరీ వేసి తెల్లవాళ్లకు పంచింది. సాగునేలైతే 160 ఎకరాల ముక్క, బంగారం ఉందనుకున్న చోటైతే 40 ఎకరాల ముక్క. డహ్లొనెగా దగ్గర బంగారం బయటపడి అప్పటికి మూడు నాలుగేళ్లయింది. చీట్లు తీసేనాటికి చెరోకీలు ఆ ఇళ్లలోనే కాపురం ఉన్నారు. మొక్కజొన్న వేసుకుంటున్నారు, పీచ్ తోటలు పెంచుకుంటున్నారు.

చదువూ సంధ్యా లేని అడవి మనుషులు గనక నిలవలేకపోయారని మనలో చాలామంది అనుకుంటారు. నేను అచ్చు సిరా వాసనలో బతికినవాణ్ని. ఈ మాట దగ్గర నేను ఆగకుండా పోలేను.

సెకోయా అనే చెరోకీ వెండిపని, కమ్మరం చేసుకునేవాడు. ఇంగ్లీషు చదవడం రాదు. తెల్లవాళ్లు కాగితం మీది గీతలతో దూరాన ఉన్నవాళ్లతో మాట్లాడటం చూశాడు. మన మాటకూ అలాంటివి ఎందుకుండకూడదనుకున్నాడు. మొదట మాటకో గుర్తు గీశాడు. అలా గీస్తూ పోతే అంతు ఉండదని తెలిసి వదిలేశాడు. పన్నెండేళ్లు దాని వెంటే పడ్డాడు. 1821 నాటికి తేల్చాడు. నోట పలికే ఒక్కో ముక్కకు ఒక్కో అక్షరం, మొత్తం 86, తర్వాత 85. ఆ ఉపాయం తెలుగువాడికి ఒకరు విడమరిచి చెప్పనక్కర్లేదు. క, కి, కు, కె, కొ అని మనం తలకట్టు, గుడి, కొమ్ము తగిలిస్తాం. ఆయన ఒక్కోదానికీ విడి అక్షరమే పెట్టాడు. ముందుగా నేర్చుకున్నది ఆయన చిన్న కూతురు అయోకా. తండ్రినీ కూతుర్నీ ఒకరికొకరు వినపడనంత దూరాన ఉంచి, ఒకరు రాసింది ఇంకొకరు చదవగలరా అని పెద్దలు పరీక్ష పెట్టారు. చదివి చూపించారు. కొన్నేళ్లలో ఆ జాతిలో వేలమంది చదవడం, రాయడం నేర్చారు. చెరోకీలు తమను తాము త్సలగి అంటారు. ఆ మొదటి ధ్వని మన చాపలో, చల్లలో పలికే చకారానికి దగ్గరగా ఉంటుంది.

1828 ఫిబ్రవరి 21న వాళ్ల రాజధాని న్యూ ఎకోటాలో చెరోకీ ఫీనిక్స్ పత్రిక మొదటి సంచిక అచ్చయింది. అక్షరాలను బోస్టన్‌లో పోత పోయించి తెప్పించుకున్నారు. కొన్ని కాలమ్‌లు ఇంగ్లీషులో, కొన్ని చెరోకీలో ఉండేవి. అంతకు ముందు ఏడాది రాసుకున్న రాజ్యాంగాన్ని తొలి సంచికలోనే రెండు భాషల్లో వేయడం మొదలుపెట్టారు. సంపాదకుడు ఎలియాస్ బౌడినాట్ చెరోకీయే. తొలి తెలుగు పత్రికలుగా మనం చెప్పుకునే సత్యదూత, వృత్తాంతి అప్పటికింకా పుట్టలేదు. లిపి, పత్రిక, రాజ్యాంగం, రాజధాని అన్నీ ఉన్న జాతిని అడవి మనుషులని ఏ నోటితో అంటాం?

వాళ్లు కోర్టులో కూడా గెలిచారు. పత్రికకు సాయపడిన శామ్యూల్ వోర్స్‌టర్ అనే మిషనరీని, అనుమతి లేకుండా చెరోకీ నేల మీద ఉంటున్నాడని జార్జియా జైల్లో పెట్టింది. నాలుగేళ్ల కఠిన శిక్ష వేసింది. 1832 మార్చి 3న సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్, చెరోకీల నేల మీద జార్జియా చట్టాలు చెల్లవని తీర్పు చెప్పాడు. జార్జియా లెక్కచేయలేదు. జాక్సన్ అమలు చేయించలేదు. లాటరీ చీట్లు తీసింది ఈ తీర్పు వచ్చిన ఏడే.

మిగతా కథ త్వరగా చెప్పేస్తాను, చెప్పడానికి మనసొప్పదు. 1834 మే 31న పత్రిక చివరి సంచిక వచ్చింది. మరుసటేడు జార్జియా గార్డు దళం ముద్రణాయంత్రాన్ని ఎత్తుకుపోయింది. ఆ డిసెంబరులో, జాతి ప్రతినిధులు కాని కొద్దిమంది నేలంతా వదులుకుంటూ ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. వాళ్లలో బౌడినాట్ కూడా ఉన్నాడు. ఆ ఒప్పందం మాది కాదంటూ నాయకుడు జాన్ రాస్ వేలాది సంతకాలు పట్టుకెళ్లాడు. సెనేట్ ఒక్క ఓటు తేడాతో ఒప్పందానికే ముద్ర వేసింది. 1838 మే నుంచి సైనికులు ఇళ్లలోకి జొరబడి మనుషుల్ని దొడ్లలో పెట్టారు. సుమారు 16 వేలమందిని ఇప్పటి ఓక్లహోమాకు తోలారు. ఎండాకాలం శిబిరాల్లో, చలికాలం దారిలో కలిపి నాలుగు వేలమంది దాకా పోయారు. చెరోకీ పెద్దల్లో కొందరికి నల్లజాతి బానిసలు ఉండేవారు. వాళ్లూ అదే దారిన నడిచారు. ఇది దాచి మిగతాది చెబితే నేను చెప్పేదీ అబద్ధమే అవుతుంది.

ఆ నేల మీద వెళ్లగొట్టడం ఒకసారితో ఆగలేదు కూడా. 1912లో ఫోర్సైత్ కౌంటీలోని నల్లజాతివాళ్లను, వెయ్యిమందికి పైగా మనుషులను, గుంపులు బెదిరించి, ఇళ్లు, చర్చిలు తగలబెట్టి తరిమేశాయి. పాతికేళ్ల కిందట మనవాళ్ల కంటికి ఎవరూ కనబడలేదంటే కారణం ఇదీ.

అమెరికావాళ్లను అని ఊరుకోను. మన పత్రికలు, పాఠాలు ఇప్పటికీ "రెడ్ ఇండియన్లు" అని రాస్తూనే ఉన్నాయి. దారి తప్పిన నావికుడి పొరపాటు ఒక మాట, ఒంటి రంగు ఇంకో మాట. ఈ రెంటితో వందల జాతులను ఒకే మూటగట్టేశాం. ఇకనైనా చెరోకీలను చెరోకీలని, లకోటాలను లకోటాలని రాయండి. అంతకన్నా దగ్గరి విషయం ఒకటి ఉంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్లో గోండుల సొంత లిపిలో రాతప్రతులు దొరికాయి. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. ఫాంటు లేదనే సాకు ఇక చెల్లదు. అయినా ఆదిలాబాద్ అనుబంధాల్లో గోండిలో అచ్చయిన ఒక్క కాలమ్ నా కంట పడలేదు. 1828లో బోస్టన్ నుంచి సీసపు అక్షరాలు మోయించుకున్నవాళ్ల గురించి రాస్తుంటే, ఇది నన్ను మరీ బాధిస్తోంది. సంపాదకులారా, వారానికి ఒక్క కాలమ్ ఇవ్వండి. రాసేవాళ్లు ఆ జిల్లాలోనే ఉన్నారు.

ఫోర్సైత్‌లో ఉన్న తెలుగువాళ్లకూ రెండు మాటలు. మీరు ఇల్లు కొనుక్కోవడం తప్పని నేననడం లేదు. కష్టపడి కొనుక్కున్నారు. కానీ ఎవరూ లేని నేల అని మీ పిల్లల ముందు అనకండి. న్యూ ఎకోటా ఇప్పటి కాల్హౌన్ పక్కనే ఉంది, మీకు కారులో గంటా గంటంపావు. అచ్చుశాలను మళ్లీ కట్టి నిలబెట్టారు. 1950ల్లో అక్కడి మట్టి తవ్వితే సెకోయా అక్షరాల సీసపు అచ్చులు బయటపడ్డాయి. పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. ఓక్లహోమాలోని టాలెక్వాలో చెరోకీ ఫీనిక్స్ ఈరోజుకీ వస్తోందని కూడా చెప్పండి. ఈసారి సంకల్పంలో ఐంద్రఖండం తర్వాత చెరోకీల పేరు చేర్చమని పురోహితుణ్ని అడగండి.

నిన్న మా తోడల్లుడి కొడుక్కి ఫోన్ చేసి, ఇంటి దస్తావేజు తీసి చూడమన్నాను. కాసేపటికి వాడే చేశాడు. "అవును బాబాయ్, ల్యాండ్ లాట్ అని ఒక నంబరుంది. ఏదో సర్వే నంబరు అనుకున్నాను" అన్నాడు. సర్వే నంబరే. 1832 లాటరీ కోసం కొలిచి వేసిన నంబరు.