వంటింటి ఇంజనీరింగు: లహ్మాజున్

తుర్కియే ఆగ్నేయ భాగమున గాజియాంతెప్, షాన్లీఉర్ఫా నగరములలో లహ్మాజున్ అను రొట్టె ప్రసిద్ధము. ‘పిండితో మాంసము’ అను అర్థము గల అరబ్బీ మాట ఈ పేరునకు మూలము. పలుచని రొట్టెపై పచ్చి గొర్రె ఖీమా పూసి రాతి పొయ్యిలో కాల్చెదరు. గాజియాంతెప్‌లో వెల్లుల్లి, ఉర్ఫాలో ఉల్లి ముఖ్యము.

ఒక ఆదివారము మా శ్రీమతికి విశ్రాంతి నీయదలచి మేము వంటింట ప్రవేశించితిమి. ఖీమాను ఉదారముగా అరంగుళము మందమున పరచితిమి. రొట్టె అడుగు మాడినది. మాంసము లోపల పచ్చిగనే యున్నది. మనుమడు నోట పెట్టుకొనబోవుచుండగా శ్రీమతి పళ్ళెము లాగుకొనినది.

మందము రెట్టింపైనచో వేడి లోనికి చేరుటకు సుమారు నాలుగు రెట్లు కాలము పట్టును. కార్యాలయమున ఎందరికో చెప్పిన ఈ సూత్రమును ఇంట మరచితిమి! ఖీమాలో సూక్ష్మజీవులు అంతటను కలిసిపోవును గనుక లోపలి భాగము సైతము 71 డిగ్రీల సెల్సియస్‌కు చేరవలెను.

ఇక సరియైన విధానము. 250 గ్రాముల మైదాలో ఉప్పు, చెంచాడు ఈస్టు, నీరు కలిపి గంటసేపు నాననిచ్చి, ఆరు పలుచని రొట్టెలు ఒత్తవలెను. 250 గ్రాముల ఖీమాలో సన్నగా తరిగిన ఉల్లి, నీరు పిండిన టమాటా, కొత్తిమీర, మిరపపొడి, ఉప్పు కలిపి, రెండు మూడు మిల్లీమీటర్లకు మించకుండ పూయవలెను. రేకుతో సహా 250 డిగ్రీలకు ముందే వేడెక్కిన ఓవెనులో ఏడెనిమిది నిమిషములు కాల్చి, నిమ్మరసము పిండి, చుట్టి తినవలెను.

రెండవసారి మా శ్రీమతి రొట్టెను విరిచి పరీక్షించి, తొలి ముక్కను మనుమనికే అందించినది. ఇంతకు మించిన యోగ్యతాపత్రము మాకేల?