కొంగున ముడిచిన తాళపుచెవి



గత మాసమున ఆవకాయ జాడీలను గూర్చి ముచ్చటించితిని. ఈ మాసమున సముద్రముల కావలనున్న పాటగాండ్ర కథ చెప్పబోవుచున్నాను. ఆవకాయకును గిటారునకును పొత్తేమని నవ్వకుడు. కడవరకు చదివినచో మీకే తెలియగలదు.

మా అక్కగారి కుమార్తె మాయింట నుండి డిగ్రీ చదువుచున్నది. పిల్లకు మంచి కంఠము. మా అమ్మ పాడెడి దంపుళ్ల పాటలు కొన్ని, తాను కట్టిన పాటలు నాలుగు సెల్‌ఫోనులో పాడి లోకమునకు వినిపించినది. వేలకొలది జనులు వినిరి. అంతట పాటల వ్యాపారము చేయు నొక సంస్థవారు 25,000 రూపాయలిత్తుమని కాగితము పంపిరి. "పిన్నీ, సంతకము పెట్టనా?" అని పిల్ల వచ్చి యడుగునప్పటికి నేను కందులు చెఱుగుచుంటిని. చేట దించి కాగితము చదివితిని. ఆ పాటలును, రెండేండ్లలో పిల్ల పాడబోవు పాటలును ఆ సంస్థవారికే శాశ్వతముగా చెందునట. రూపాయలు కావలసినవే. మా బావగారికి ఈ యేడు పంట చేతికి రాలేదు. కళాశాల రుసుము కట్టవలసి యున్నది. ఏమి చెప్పుటకును తోచక "రేపు చెప్పెదనమ్మా" అంటిని.

ఆ రాత్రి భోజనములైన పిమ్మట పిల్ల నా కొక పాట వినిపించి, "వీరు పెద్ద కంపెనీల నాశ్రయింపకయే పైకి వచ్చిరి, పిన్నీ!" అన్నది. ఆ బృందము పేరు విస్కీ మయర్స్. బడిపంతులు గదా, మావారు ఆ పేరు వినగానే కండ్లజోడు సవరించుకొని "శుభమా యని పాట పాడుకొనుచు ఆ మద్యము పే రేమిటే?" అనిరి. నాకును మొదట రుచింపలేదు. వారి పాటలలో మద్యప్రసంగమునకు కొదువ లేదన్నమాటయు నిజమే. కాని 'బ్రోకెన్ విండో సెరినేడ్' అను పాట విన్నప్పుడు నా మనస్సు మారినది. మత్తుమందునకు లోబడి నశించిన యొక స్త్రీని తలచుకొని ప్రేమించినవాడు కుములు పాట యది. భాష సగమే తెలిసినను దుఃఖము పూర్తిగా తెలిసినది. నాటినుండి వారి చరిత్ర నడిగి తెలిసికొంటిని.

అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున, మన తెలుగువారు పెక్కురు కాపురముండు డాలసు నగరమునకు ఆగ్నేయముగా సుమారు నూఱు మైళ్ల దూరమున, పాలస్తీను అను చిన్న పట్టణము కలదు. దేవదారు జాతి చెట్ల అడవులు, 1872లో వచ్చిన రైలుమార్గము ఆ యూరి సంపద. ఆకాశమునకు శాస్త్రపరికరములను మోసికొనిపోవు బెలూనుల కేంద్ర మొకటి యచట నున్నది. 2003 ఫిబ్రవరి 1వ తేదీన మన కల్పనా చావ్లాతో గూడ నేడుగురు వ్యోమగాములు కొలంబియా నౌకలో అసువులు బాసినప్పుడు దాని శకలములు ఆ తూర్పు టెక్సాసు నేలమీదనే రాలినవి. వారి స్మృత్యర్థము ఆ కేంద్రమునకు 2006లో కొలంబియా పేరు పెట్టిరి. అట్టి యూరిలో 2007వ సంవత్సరమున కొందఱు యువకులు కూడి ఈ బృందమును స్థాపించిరి. పాడువాడు కోడీ కానన్. గిటారు వాయించువారు జాన్ జెఫర్స్, కోడీ టేట్. డోలు వాయించువాడు జెఫ్ హాగ్.

వారు పాడు రీతిని 'సదరన్ రాక్' అందురు. అనగా అమెరికా దక్షిణ రాష్ట్రముల పల్లెపాటను, నల్లజాతివారి బ్లూస్ పాటను విద్యుద్గిటారుల హోరుతో కలిపిన సంగీతము. 1969లో ఆల్‌మన్ బ్రదర్స్ బృందమును, 1973లో తొలి సంపుటము వెలువరించిన లినర్డ్ స్కినర్డ్ బృందమును దీనికి పేరు తెచ్చినవి. ఈ సంగీతపు వేళ్లలో నొక యన్యాయమును కలదు. ఆ బ్లూస్ పాటల గన్న నల్లజాతి గాయకులు పలువురు కొద్దిపాటి రొక్కమునకు పాటల నిచ్చివేసి, పిదప వచ్చిన లాభమున పాలు లేక పేదలుగనే మరణించిరి. పల్లెపాటల దొడ్డ గాయకుడు వేలన్ జెన్నింగ్స్ సహితము తన పాట నేరీతి రికార్డు చేయవలెనో తానే నిర్ణయించు నధికారమును 1972లో కంపెనీతో వాదులాడి సంపాదించుకొనవలసి వచ్చెను.

ఇందలి కిటుకు మన గృహిణులకు సులభముగా తెలియునట్లు చెప్పెదను. కంపెనీవారు గాయకునకు ముందుగా కొంత సొమ్ము నిత్తురు. రికార్డు చేయుటకైన వ్యయమును, ఆ సొమ్మును గాయకుని పాలునుండియే తిరిగి రాబట్టుకొందురు. బాకీ తీఱినను మాస్టరు రికార్డు మాత్రము సాధారణముగా కంపెనీదే. ఇల్లు కట్టుటకు అప్పిచ్చినవాడు అప్పు తీఱిన తరువాతను ఇంటి తాళపుచెవి తనయొద్దనే యుంచుకొన్నట్లు! స్వతంత్ర బృందమైనచో వ్యయమును తానే భరించును. అంగళ్లకు చేర్చువారికి కొంత రుసుమిచ్చును. నష్టము వచ్చిన తానే యోర్చుకొనును. కాని తాళపుచెవి తన కొంగుననే యుండును.

విస్కీ మయర్స్ వారు ఈ రెండవ మార్గమును పట్టిరి. 2008లో 'రోడ్ ఆఫ్ లైఫ్', 2011లో 'ఫైర్‌వాటర్' అను సంపుటములు వెలువరించిరి. విగ్గీ థంప్ అను పేరున సొంత రికార్డు సంస్థను నడపుకొనిరి. ఊరూర తిరిగి మద్యశాలలలో, నాట్యశాలలలో పాడిరి. పెద్ద రేడియోలవారు వారిని తలపెట్టలేదు. విన్నవారు వేఱొకరికి చెప్పుటయే వారి ప్రకటన. ఒకరి సాయము పొందరాదని బిగిసికొని కూర్చున్నవారును కారు. 2014 నాటి 'ఎర్లీ మార్నింగ్ షేక్స్', 2016 నాటి 'మడ్' అను సంపుటములను డేవ్ కాబ్ అను ప్రసిద్ధ నిపుణునిచే చేయించిరి. 'మడ్' అనగా బురద. అందలి యొక పాటలో బండి యింటిలో కాపురముండు పేదల సంసారము వర్ణింపబడినది.

2018లో 'ఎల్లోస్టోన్' అను టెలివిజన్ ధారావాహిక ప్రారంభమైనది. పశువుల మందల గల యొక కుటుంబపు కథ యది. అందొక భాగమున ఈ బృందమువారు స్వయముగా కనబడి పాడిరి. అంతతో ఏండ్ల తరబడి పాడిన పాత పాటల నన్నింటిని జనులు వెదకి వెదకి కొనసాగిరి. ఇచటనే తాళపుచెవి విలువ తెలియును. ఆ పాటలను నాడే యమ్ముకొని యుండినచో, నేటి పంట పరుల గాదెలోనికి పోయెడిది.

2019 జూనులో చికాగో నగరపు సోల్జర్ ఫీల్డునందు ప్రఖ్యాతులగు రోలింగ్ స్టోన్స్ వారి కచేరీకి ముందు పాడు గౌరవము వీరికి లభించెను. నిపుణుని పిలువక తామే రికార్డు చేసికొని, తమ పేరునే పెట్టి ఆ సెప్టెంబరులో వెలువరించిన సంపుటము బిల్‌బోర్డు పత్రికవారి కంట్రీ పట్టికలో ప్రథమస్థానమున నిలిచెను. 2007 నుండి 2019 వఱకు సరిగ నొక పుష్కరకాలము! మెక్సికో సరిహద్దు చెంత పెకాన్ తోటల నడుమ రికార్డు చేసి 2022లో వెలువరించిన 'టోర్నిల్లో'లో, నాష్‌విల్ నగరమున భక్తిగీతములకు పేరొందిన మెక్రెరీ సోదరీమణులు వీరితో గొంతు కలిపిరి. 2025లో ఏడవ సంపుటము వెలువడినది.

ఈ కథ విని "ఆశ్రయము కూడదు" అని నేను తీర్మానింపను. మన పోతనామాత్యుడు భాగవతమును రాజున కంకితమీయ నిరాకరించి హలము పట్టెనని ఐతిహ్యము. అల్లసాని పెద్దన మనుచరిత్రమును కృష్ణదేవరాయల కంకితమిచ్చి గౌరవము పొందెను. ఇరువురును మనకు పూజ్యులే. పుష్కరకాలము వేచియుండి ఫలము గన్నవారి నొక్కరిని చూచి, వేచియుండియు గానని పదుగురిని మఱచుటయు న్యాయము కాదు. ఆకలిగొన్న యింట స్వాతంత్ర్యమును బోధించుట సులభము. నెలసరి బియ్యము కొనుట కష్టము. కావున ఆశ్రయింపవలెనా, వలదా యని కాక, ఏమి యిచ్చుచున్నాము, ఎంత కాలమునకు అని యడుగవలెను.

మన దేశపు చట్టము సయితము ఈ విషయమున కొంత దయ చూపినది. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము హక్కును వ్రాసియిచ్చు కాగితమున కాలపరిమితి లేనిచో, అది ఐదేండ్లకే యని యెంచబడును. 2012 నాటి సవరణ వలన, రికార్డులో చేరిన పాటను వ్రాసినవారును, స్వరము కూర్చినవారును తమ రాయల్టీ పాలును వారసులకు, హక్కుదారుల సంఘమునకు తప్ప అన్యులకు ధారపోయుటకు వీలులేదు. అమ్మల నాటి దంపుళ్ల పాట యెవరి సొత్తును కాదు. కాని నేటి గొంతున పలికిన రికార్డునకు స్వామ్యము కలదు. కాగితమున "శాశ్వతముగా" అను మాట కనబడినచో, కలము దించి తెలిసినవారిచే చదివించుకొనుడు.

మా అత్తగారు ఊరగాయల గది తాళపుచెవిని కొంగున ముడివైచుకొనెడివారు. అడిగినవారికెల్ల గిన్నెలకొలది ఆవకాయ పెట్టిరి. పంక్తిలో లేదన్న మాట యెఱుగరు. కాని తాళపుచెవిని మాత్రము నాకుగూడ పదియేండ్ల వఱకు ఈయలేదు. నాడు కోపము వచ్చెడిది. ఈ కాగితము చదివిన దినమున ఆమెను తలచుకొంటిని.

మఱునాడు పిల్లయు, నేనును, మావారును కూర్చుండి ప్రత్యుత్తరము వ్రాసితిమి. పాడిన పాటలను మూడేండ్లకు మాత్రమే యిత్తుమనియు, పాడబోవు వానిని ఈయజాలమనియు, సొమ్ము తగ్గించినను సమ్మతమే యనియు దాని సారాంశము. రుసుమునకై నా గాజులు రెండు బ్యాంకులో కుదువ పెట్టితిని. ఈ సంగతి మా అక్కగారికి తెలియదు. ఈ పుట చదివి తెలిసికొనగలదు. అక్కా, కోపపడకుము. విడిపించుకొనవచ్చును గనుకనే గాజులు పెట్టితిని.

సంస్థవారి ఉత్తర మింకను రాలేదు. పిల్ల పెరటిలో బట్టలారవేయుచు క్రొత్త పాట కట్టుచున్నది. రెండవ చరణము కుదురలేదని విసుగుకొనుచున్నది.