మన పేగులూ లెక్కలోకి రావాలి



మన పల్నాటి వరికోతల్లో ఆకు కొస కంటికి గీసుకుంటుంది. ఎర్రబడ్డా, నీరు కారినా “నలకేలే” అని కొంగుతో తుడుచుకుని మళ్లీ చేలోకి దిగుతాం. ఆ గాటులో బూజు పాకి నల్లగుడ్డు మీద పుండు పడితే చూపే పోవచ్చు. అలా పుండు పడినవాళ్ల పేగుల్లో ఏ సూక్ష్మజీవులున్నాయో చూద్దామని హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో శాస్త్రవేత్త ఎస్. శివాజీ బృందం మలం శాంపిళ్లు తీసుకుంది. కన్నెక్కడ, పేగెక్కడ! అయినా 2018లో అచ్చయిన ఆ పరిశోధనలో ఆరోగ్యవంతులకూ వాళ్లకూ తేడా బయటపడింది. వాపును అణచే మంచి బ్యాక్టీరియా రోగుల్లో తక్కువగా ఉన్నాయి. పుండుకు అది కారణమా, ఫలితమా అన్నది తేలాలంటే ఇంకా చాలామంది ముందుకు రావాలి. చేలో దిగే మనం రాకపోతే ఇంకెవరు వస్తారు?

మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని అంచనా. వాటి లెక్క తీయడానికి అమెరికా 2007లో మానవ మైక్రోబయోమ్ ప్రాజెక్టు మొదలుపెట్టి, 2012లో 242 మంది ఆరోగ్యవంతుల వివరాలు వెల్లడించింది. శాంపిళ్లు తీసింది హ్యూస్టన్, సెయింట్ లూయిస్ నగరాల్లో. గొప్ప పనే, కాదనను. కానీ జొన్నన్నం, గోంగూర పచ్చడి తినే గురజాల పేగు ఆ లెక్కలో లేదు.

అందుకే ఎవరైనా పద్ధతిగా వచ్చి అడిగితే ముక్కు మూసుకోకండి, మలం శాంపిల్ ఇవ్వండి. నరసరావుపేటలో మైక్రోబయాలజీ చదివే పిల్లలూ, అంగీకార పత్రాన్ని మీ ఊళ్లో చదివి వినిపించే పని మీది. శాంపిల్ ఎక్కడికి పోతుందో, ఫలితం మనకెప్పుడు చెబుతారో సంతకానికి ముందే నిలదీయండి. బ్రహ్మనాయుడు అన్ని కులాలకూ కలిపి చాపకూడు పెట్టిన నేల మనది. పెద్దవీధి శాంపిలొక్కటే ఊరి శాంపిల్ అంటే ఒప్పుకోకూడదు. పల్లె, పేట, తండా అన్నీ రావాలి.

ఈలోగా మన పేగుల్లో ఉన్న మంచి బ్యాక్టీరియాను చంపుకోకుండా ఉందాం. ఒళ్లు వెచ్చబడితే చాలు, మందులషాపుకెళ్లి “రెండు గొట్టం మాత్రలివ్వు” అంటాం. యాంటీబయాటిక్ జబ్బు క్రిమితోపాటు పేగులోని మంచివాటినీ ఊడ్చేస్తుంది. డాక్టర్ రాస్తే వాడాల్సిందే. అట్ట మీద నిలువు ఎర్రగీత ఉంటే మాత్రం చీటీ లేకుండా అడగొద్దు, అమ్మొద్దు.

వచ్చే గ్రామసభలో శాంపిళ్ల సంగతీ, ఎర్రగీత మందుల సంగతీ చర్చకు పెట్టించండి. సర్పంచ్, ఆశా కార్యకర్త, ఆర్‌ఎంపీ, మందులషాపాయన నలుగురూ ఎదుట ఉన్నప్పుడే పెట్టించండి.