మూసేటప్పుడే అసలు పరీక్ష

ప్రాజెక్టు వైవాలో ప్రోగ్రామ్ రన్ అయితే చాలు, మార్కులు పడిపోతాయి. దాన్ని మూసేటప్పుడు ఏం జరుగుతుందో ఎవరూ అడగరు. డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వెళ్తే మాత్రం అడగొచ్చు. విండోస్‌నే తీసుకోండి.

ఫైల్ సేవ్ చేయడం లాంటి చివరి పనుల్ని డీఎల్ఎల్‌లో, అంటే ప్రోగ్రాములు పంచుకునే కోడ్ లైబ్రరీలో పెడదామనిపిస్తుంది. డీఎల్ఎల్‌మెయిన్‌కు ‘ప్రాసెస్ డిటాచ్’ కబురు వస్తుంది కదా, అప్పుడు చూసుకుందాంలే అని. కానీ అప్పటికే ఆలస్యం! ఎగ్జిట్‌ప్రాసెస్ పిలవగానే విండోస్ ముందు మిగతా థ్రెడ్లన్నిటినీ ఉన్నపళంగా ఆపేస్తుంది. ఆ తర్వాతే డీఎల్ఎల్‌లకు కబురు పెడుతుంది. ఆగిన థ్రెడ్ చేతిలో లాక్ ఉండిపోతే, ఇక దాన్ని వదిలేవాళ్లుండరు. డేటా సగమే రాసి ఉండొచ్చు. టెర్మినేట్‌ప్రాసెస్‌తో ముగిస్తే అసలు కబురే రాదు.

మెమరీ గురించి బెంగ వద్దు, ప్రాసెస్ పోతే విండోసే వెనక్కి తీసుకుంటుంది. షాపువాళ్లు గంటసేపు టైప్ చేసిన బిల్లులు పోతేనే నష్టం. అందుకే విండో మూసే మెసేజ్ అందగానే, మెయిన్ ప్రోగ్రామ్‌లోనే థ్రెడ్లకు ఆగమని చెప్పండి. అవి ఆగాక ఫైల్ రాసి బయటికి రండి.

ఒక తిరకాసుంది. ఫ్రీలైబ్రరీతో డీఎల్ఎల్‌ను మధ్యలో దించేసినా అదే కబురొస్తుంది. అప్పుడు ప్రాసెస్ బతికే ఉంటుంది కాబట్టి మెమరీ మీరే వదలాలి. తేడా చెప్పేది డీఎల్ఎల్‌మెయిన్ మూడో పారామీటర్: నల్ అయితే ఫ్రీలైబ్రరీ, కాకపోతే ప్రాసెస్ ముగింపు. అయితే అక్కడ థ్రెడ్ ఆగేదాకా ఎదురుచూడొద్దు. ఆ థ్రెడ్ ముగియాలన్నా మీ దగ్గరున్న లోడర్ లాకే కావాలి. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు అలా ఉండిపోతారు.

మీ ఫైనలియర్ ప్రాజెక్టు ఇంకా ల్యాప్‌టాప్‌లో ఉంటే, పెద్ద ఫైల్ సేవ్ అవుతుండగా క్లోజ్ బటన్ నొక్కి చూడండి.